ఆగునా, ఆగదా?

బరంపురమునకు ఈశాన్యముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున ఛత్రపురము కలదు. గంజాం జిల్లాకు అది ముఖ్యపట్టణము. కలెక్టరు కచేరీలో అర్జీ యిచ్చుటకో, దస్తావేజుల పనిమీదనో మనలో పెక్కుమంది అచ్చటికి పోయి వచ్చినవారమే. 1911వ సంవత్సరము మార్చి నెలలో జూలియస్ ట్యూరింగ్ అను ఆంగ్లేయోద్యోగి భార్యాసమేతముగా ఆ ఊరికి బదిలీ అయి వచ్చెను. అంతకుముందు ఆయన పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు మున్నగు చోట్ల నుండినవాడు. అనగా చాలకాలము తెలుగువారి నడుమనే కొలువు చేసినాడన్నమాట. ఆయన భార్య ఈథెల్ సారా పుట్టినదియు మద్రాసు రాజధానిలోని పోదనూరులోనే. ఆమె తండ్రి మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు. ఛత్రపురములో నుండగనే, 1911 శరత్కాలమున, ఆమె రెండవమారు గర్భము ధరించెను. పిదప దంపతులు సీమకు పోగా, 1912 జూన్ 23వ తేదీన లండనులో ఒక మగశిశువు కలిగెను. ఆ శిశువే అలన్ ట్యూరింగ్.

ఆ బాలుడు ఛత్రపురమును కన్నులార చూచినవాడు కాడు. తల్లిదండ్రులు అతనిని అన్నతోపాటు సీమలో ఒక కుటుంబమువారి యొద్ద విడిచి మరల ఈ దేశమునకు వచ్చిరి. కావున అతడు మావాడే యని చెప్పుకొనుట మా అభిమతము కాదు. అట్టి బడాయి మన సంచికలలో ఇప్పటికే చాలినంత కలదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యెను. గంజాం జిల్లాలోని బరంపురము, ఛత్రపురము మద్రాసు రాజధానినుండి విడివడి ఆ రాష్ట్రములో చేరెను. మన పెద్దలు ఇల్లు కదలలేదు, వాకిలి కదలలేదు. రాత్రి పరుండి ఉదయము లేచునప్పటికి రాష్ట్రము మారినది, వారు అల్పసంఖ్యాకులైరి. అటుపిమ్మట ఎనిమిది వారములు నిండగనే, మే 28వ తేదీన, ఇరువదినాలుగేండ్లు నిండని అలన్ ట్యూరింగ్ వ్రాసిన వ్యాసమొకటి లండను గణితసంఘమువారికి చేరెను. ఈ రెంటికిని ఏ సంబంధమును లేదు. ఉన్నదని చెప్పినచో అది కాకతాళీయమునకు పట్టాభిషేకము చేయుట యగును. అయినను గత సంవత్సరము మా సంఘములో ఆదివారపు తెలుగు తరగతిని మూసివేయవలెనా, నడుపవలెనా అను చర్చ జరిగినప్పుడు ట్యూరింగ్ పేరు సభలో వినవచ్చినది. ఆ చర్చలో అతని సిద్ధాంతమును ఇరుపక్షములవారును సరిగా పట్టుకొనలేదని మాకు తోచినది. చిరకాలము గణితము బోధించిన వారము గనుక ఆ సంగతి కొంత విప్పి చెప్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

ప్రోగ్రాము అనగా చేయవలసిన పనులను వరుసగా వ్రాసియుంచిన పట్టిక. మాది నేతపని కుటుంబము. మాకు ఈ సంగతి కంప్యూటరును చూడకముందే మగ్గము నేర్పినది. జకార్డు మగ్గముపై చిల్లులు పొడిచిన అట్టలను మాలగా కుట్టి వ్రేలాడదీయుదురు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకకు ఏ పడుగుపోగులు లేవవలెనో చెప్పును. చివరి అట్ట తరువాత మొదటి అట్ట మరల వచ్చును. అంచుమీది హంస మరల మొలచును. ఈ అట్టల మాల తనంతట తాను ఎన్నడైన ఆగునా? ఆగదు. పడుగు అయిపోయినప్పుడు నేతగాడు ఆపవలసినదే. పడుగునకు అంతము లేనిచో హంసలకును అంతము లేదు. చూచినంతనే చెప్పవచ్చును, ఇందులో చిక్కు లేదు.

కాని అట్టలలో ఇట్టి ఆజ్ఞ యొకటి చేర్చినామనుకొనుడు: ఇప్పుడు తగిలిన పోగు ఎఱుపైన మూడట్టలు వెనుకకు పొమ్ము, పచ్చనైన రెండట్టలు ముందునకు పొమ్ము, పోవుచు ఆ పోగు రంగు మార్చుము. అప్పుడు ఏమగును? ఏ అట్ట తరువాత ఏ అట్ట వచ్చునో ముందు నేసిన నేతపై ఆధారపడియుండును. నేసినకొలది దారి మారును. ఇంత చిన్న మార్పుతోనే, ఆ మగ్గము ఎన్నడైన ఆగునా అను ప్రశ్నకు చూచి సమాధానము చెప్పగల నేర్పు ఎంతటి పనివానికిని చాలదు.

మన పిల్లలకు ఈ భేదము కథలలో తెలిసినదే. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల కథలో, ఒక చేప ఎందుకు ఎండలేదని మొదలుపెట్టి గడ్డిమోపును, ఆవును, గొల్లవానిని, అవ్వను, పిల్లవానిని అడుగుచు పోయి తుదకు చీమను అడుగుదురు. చీమ తన పుట్టలో వేలు పెట్టినందుననే కుట్టితి ననును, కథ ఆగును. గాదెలోని ధాన్యమును పిచ్చుకలు ఒక్కొక్క గింజగా మోసికొనిపోవు కథ కలదు. అది పిల్లలు నిద్రించుటకే గాని ముగియుటకు చెప్పునది కాదు. సగము కథ వినిన పిల్లవాడు ఇది చేపల కథయో పిచ్చుకల కథయో ఎట్లు చెప్పగలడు? మొదట రెండును ఒకే తీరున నడచును.

అంకెలలో ఒక ఉదాహరణము చూపెదము. ఏదైన సంఖ్యను తీసికొనుడు. అది సరిసంఖ్యయైన సగము చేయుడు. బేసియైన మూడింతలు చేసి ఒకటి కలుపుడు. ఒకటి వచ్చువరకు ఇట్లే చేయుడు, వచ్చినంతనే ఆపుడు. 7తో మొదలుపెట్టిన 16 మెట్లలో ఒకటి వచ్చును. 27తో మొదలుపెట్టి చూడుడు: 9232 వరకు పైకెగసి, పడి, లేచి, 111 మెట్లకు గాని ఒకటి రాదు. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఈ లెక్క ఇచ్చి మేము పెక్కుమార్లు తరగతిని నిశ్శబ్దముగా కూర్చుండబెట్టితిమి. ఇది ఏ సంఖ్యకైనను ఆగునా? జర్మనీదేశపు గణితజ్ఞుడు లోథార్ కొలాట్జ్ పేరిట ప్రసిద్ధమైన ఈ ప్రశ్నకు నేటికిని సమాధానము లేదు. కంప్యూటరులపై ఊహకందని పెద్ద సంఖ్యలవరకు పరీక్షించిరి, అన్నియు ఆగినవి. అన్ని సంఖ్యలకును ఆగునని మాత్రము నిరూపించినవారు లేరు.

1928లో హిల్బర్టు, ఆకెర్మాన్ అను జర్మను గణితజ్ఞులు తర్కశాస్త్రమునకు ముఖ్యమైన సమస్యగా ఒక ప్రశ్న వేసిరి: తర్కభాషలో వ్రాసిన ఏ వాక్యమునైనను ఇచ్చినచో, అది సర్వత్ర సత్యమగునా కాదా అని, యాంత్రికముగా, పరిమితమైన మెట్లలో తేల్చగల పద్ధతి కలదా? కేంబ్రిడ్జిలో 1935లో మాక్స్ న్యూమన్ ఉపన్యాసములు విన్న ట్యూరింగ్ ఈ ప్రశ్నను పట్టుకొనెను. పద్ధతి లేదని చెప్పవలెనన్న ముందు పద్ధతి యనగా నేమో తేలవలెను గదా! ఆ దినములలో కంప్యూటరు అను మాటకు అర్థము యంత్రము కాదు, లెక్కలు వేయు మనిషి. మన ఊళ్ళలోని కరణమువంటి వాడనుకొనుడు. లెక్క వేయునప్పుడు ఆ మనిషి నిజముగా చేయునదేమి? ట్యూరింగ్ పిల్లల గళ్ళ కాగితపు లెక్కల పుస్తకమును తలచుకొనెను. ఒక గడిలోని గుర్తును చూచుట, దానిని చెరిపి మరొకటి వ్రాయుట, ప్రక్కగడికి జరుగుట, మనస్సులోని స్థితి మార్చుకొనుట. ఇంతకు మించి ఏమియు లేదు. గళ్ళ కాగితమును అంతులేని పట్టీగాను, మనస్థితులను పరిమితమైన పట్టికగాను చేసి అతడు యంత్రమును ఊహించెను. పట్టికనే గుర్తులుగా వ్రాసి మరొక యంత్రమునకు ఇచ్చినచో, అది మొదటి యంత్రము చేయు పని యంతయు చేయగలదని చూపెను. మన బల్లలపైని కంప్యూటరుల వెనుక నున్న ఊహ ఇదియే.

ఇప్పుడు అసలు సంగతి. ఏ ప్రోగ్రామునైనను, దానికి ఈయబోవు దత్తాంశమును ముందు పెట్టినచో, "ఇది ఆగును" లేక "ఇది ఆగదు" అని తప్పక, తప్పులేకుండ చెప్పగల మరొక ప్రోగ్రాము కలదనుకొందము. దానికి తీర్పరి యని పేరు పెట్టుదము. తీర్పరి ఎట్లు పనిచేయునో మనకు తెలియనక్కరలేదు. పనిచేయునని ఒప్పుకొన్న చాలును.

తీర్పరిని లోపల నుంచుకొని ఇంకొక ప్రోగ్రామును వ్రాయుదము. ఎడ్డెమన్న తెడ్డెమనువాడు మన ఇండ్లలో ఒక్కడైన ఉండును గదా. దీనికి తెడ్డెము అని పేరు. తెడ్డెమునకు ఏదైన ఒక ప్రోగ్రాము పాఠమును ఇచ్చినచో, అది తీర్పరిని ఇట్లడుగును: "ఈ ప్రోగ్రామునకు దాని పాఠమునే దత్తాంశముగా ఇచ్చిన ఆగునా?" తీర్పరి "ఆగును" అన్నచో తెడ్డెము పిచ్చుకల కథ మొదలుపెట్టి ఎన్నటికిని ఆగదు. తీర్పరి "ఆగదు" అన్నచో తెడ్డెము అప్పుడే ఆగిపోవును. ఇందులో వింత యేమియు లేదు. తీర్పరి యొకడున్నచో దీనిని పదిపంక్తులలో వ్రాయవచ్చును.

ఇక తెడ్డెమునకు తెడ్డెము పాఠమునే ఇత్తము. లోపలినుండి తీర్పరి ఏదో యొకటి చెప్పవలెను. "తెడ్డెము ఆగును" అని చెప్పెనా, తెడ్డెము ఆగదు. "ఆగదు" అని చెప్పెనా, మరుక్షణమే ఆగును. ఏది చెప్పినను తీర్పు తప్పు. తప్పులేని తీర్పరియని గదా మనము ఒప్పుకొన్నది! ఒప్పుకొన్నదే పొరపాటు. అట్టి తీర్పరి లేడు, ఉండజాలడు. వరము పొందినవాడు తన చేయి తన తలపైననే పెట్టుకొన్న భస్మాసురుని కథ మా మనస్సునకు వచ్చుచుండును. పోలిక కొంతవరకే, అచ్చట మోహిని కావలసివచ్చినది, ఇచ్చట ఆమెతో పనిలేదు.

తరగతిలో ఈ నిరూపణము చెప్పినప్పుడు తెలివిగల పిల్లలు రెండు ఆక్షేపణలు చేయుచుండెడివారు. తెడ్డెము కనబడినప్పుడు గుర్తుపట్టి సరిగా చెప్పునట్లు తీర్పరిని దిద్దరాదా? దిద్దవచ్చును. కాని దిద్దిన తీర్పరితో క్రొత్త తెడ్డెమును చేయవచ్చును; మందు మార్చినకొలది రోగము మారును. రెండవది: ఈ గొడవ యంతయు ఎందుకు, ప్రోగ్రామును నడిపి చూచిన తెలియదా? ఆగునదైన తెలియును. ఆగనిదైన మనము చూచుచునే యుందుము. వేయి మెట్లు చూచితిమి, ఆగలేదు. కోటి మెట్లు చూచితిమి, ఆగలేదు. "ఆగలేదు" అను మాటకును "ఆగదు" అను మాటకును నడుమ ఎన్ని మెట్లు చూచినను దాటలేని అగాధము కలదు. మా అభిప్రాయములో ఈ సిద్ధాంతమునకంతకు ప్రాణము ఆ రెండు క్రియారూపముల భేదములో నున్నది. తెలుగులో అది ఎంత సూటిగా వినబడునో చూడుడు.

చరిత్రజ్ఞులు తప్పుపట్టకుండ ఒకమాట. ట్యూరింగ్ తన వ్యాసములో ఆగుటనుగూర్చి ఈ రీతిగా చెప్పలేదు. ఆగు సమస్య యను పేరు 1950 ప్రాంతములలో ఇతరుల మూలమున వాడుకకు వచ్చినది. అతని యంత్రములు దశాంశ సంఖ్యల అంకెలను ఒకదాని తరువాత ఒకటిగా ముద్రించుచు పోవలెను. ఎన్నటికిని ఆగక అంకెలు ఇచ్చుచుండునదే అతని దృష్టిలో మంచి యంత్రము. ఎచ్చటనో చిక్కుకొని అంకెలు మానివేయునది చెడినది. ఈ భాగము మాకు మిక్కిలి ప్రీతికరము. ఏ యంత్రము మంచిదో తేల్చు పద్ధతి లేదని చూపి, దానినుండి హిల్బర్టు ప్రశ్నకును లేదను సమాధానమే రాబట్టెను. అమెరికాలో అలొంజో చర్చి అదే సమాధానమును మరొక మార్గమున కొద్దిగా ముందు ప్రకటించియుండెను. ట్యూరింగ్ ఆ యేడే ప్రిన్స్‌టన్‌కు పోయి ఆయన యొద్ద చేరెను.

ఇక మా సంఘపు చర్చ. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న సభ్యులొకరు పండ్రెండేండ్ల హాజరుపట్టీలను కంప్యూటరులో ఎక్కించి ఒక గీత గీసి తెచ్చిరి. మొదట తరగతిలో 38 మంది పిల్లలు, ఇప్పుడు 11 మంది. గీతను అట్లే పొడిగించిన ఐదేండ్లలో సున్నను తాకును. "తానుగా ఆగిపోయేదాన్ని మనమే గౌరవంగా ఆపేద్దాం" అని వారు పలికిరి. దుఃఖముతోనే పలికిరి, వారి పిల్లలు ఆ తరగతిలోనే అక్షరములు దిద్దినవారు. అప్పుడు మా పూర్వవిద్యార్థిని యొకతె, బెంగుళూరులో ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగములో నుండి పండుగకు వచ్చినది, లేచి, "బాబాయిగారూ, ఏ ప్రోగ్రామైనా ఆగుతుందో ఆగదో ముందుగా చెప్పలేమని ట్యూరింగ్ 1936లోనే రుజువు చేశాడండి. మన తరగతి ఆగిపోతుందని మీరెలా చెబుతారు?" అనెను. చప్పట్లు మ్రోగెను. తీర్మానము వాయిదా పడెను.

సభానంతరము మేము ఆమెను ప్రక్కకు పిలిచి, "అమ్మాయీ, సిద్ధాంతం అంత మాట చెప్పలేదు గదా?" అంటిమి. "లేదు మేష్టారూ. కాని అప్పటికి ఇంకేమీ తోచలేదు" అని నవ్వెను.

సిద్ధాంతము చెప్పినది అన్ని ప్రోగ్రాములకును సరిపోవు ఒకే తీర్పరి లేడని. ఈ ఒక్క ప్రోగ్రాము ఆగునా యని తెలిసికొనుట అసాధ్యమని చెప్పలేదు. జకార్డు అట్టల మాలను మనము తేల్చలేదా? నేడు పలు కంప్యూటరు సంస్థలలో తమ ప్రోగ్రాములలోని అనేక భాగములు తప్పక ఆగునని నిరూపించు సాధనములను వాడుచున్నారు. అవి కొన్నిటికి "ఆగును" అనును, కొన్నిటికి "తెలియదు" అనును. తెలియదనుటకు సిగ్గుపడనందుననే అవి పనికివచ్చుచున్నవి. అంతియే గాక, తెలుగు తరగతి ప్రోగ్రాము కాదు. దానికి వ్రాసియుంచిన పట్టిక లేదు. నడుమ మనుష్యులు వచ్చి పట్టికనే మార్చగలరు. ఆ అమ్మాయి మాట అట్లు వీగిపోవును. బ్యాంకువారి గీతయు అంతే. పిల్లలు ఎందుకు తగ్గిరో ఆ గీతకు తెలియదు. దానికి తెలిసినది తగ్గిరని మాత్రమే.

ఒక్కొక్కదానిని విడిగా తేల్చుట ఎట్టిదో ఇటీవలి వృత్తాంతమొకటి చెప్పెదము. 1962లో టిబోర్ రాడో అను గణితజ్ఞుడు ఒక పందెము పెట్టెను. ఖాళీ పట్టీపై మొదలుపెట్టి, రెండే గుర్తులు వాడు చిన్న ట్యూరింగ్ యంత్రములలో, తుదకు ఆగునవి గరిష్ఠముగా ఎన్ని మెట్లు నడచును? రెండు స్థితుల యంత్రములకు 6 మెట్లు, మూడింటికి 21, నాలుగింటికి 107. ఐదు స్థితులకు 1989లో 4,71,76,870 మెట్లు నడచి ఆగు యంత్రము దొరికినది. దానిని మించినది లేదని చెప్పుట ఎట్లు? ఐదు స్థితుల పట్టికలో పది గళ్ళు, ఒక్కొక్క గడిని 21 విధముల నింపవచ్చును. మొత్తము యంత్రములు 16 లక్షల కోట్లకు పైబడును. ఒకే పనిని వేరువేరు రూపముల చేయువానిని తీసివేసినను మిగిలినవి కోట్లు. వానిలో ఆగక తిరుగుచున్న ప్రతిదానిని, ఇది ఇప్పటికి ఆగలేదని గాక, ఎన్నటికిని ఆగదని నిరూపించవలెను.

2024లో ఆ పని ముగిసినది. పలుదేశములవారు, అందు పెక్కుమంది ఏ విశ్వవిద్యాలయములోను ఉద్యోగము లేనివారు, ఏండ్ల తరబడి పంచుకొని చేసిరి. గుంపులుగా తేలినవి గుంపులుగా తేల్చిరి. ఏ గుంపులోను ఇమడని కొన్నిటికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క నిరూపణము కట్టిరి. తుదకు నిరూపణమంతయు కంప్యూటరుచే సరిచూపించిరి. 4,71,76,870 యే గరిష్ఠము. సర్వమును తీర్చు తీర్పరి లేడని తెలిసియే ఈ మనుష్యులు పనికి దిగిరి. ఆరు స్థితుల యంత్రములలోనో, అదే యేడు దొరికిన ఒక యంత్రము పైని కొలాట్జ్ లెక్క పోలికగల లెక్కను చేయుచు పోవును. అది ఆగదని నిపుణుల నమ్మకము. నిరూపణము లేదు.

ఈ వృత్తాంతము చదివిన పిదప మేమును, ఆ బ్యాంకు మిత్రులును కలిసి హాజరుపట్టీలు ముందు పెట్టుకొంటిమి. గీతను ప్రక్కన నుంచి పేర్లు చదివితిమి. గత ఐదేండ్లలో తరగతి మానిన పిల్లలు 31 మంది. ఇంటింటికిని పోయి అడుగవలెనని నిశ్చయించితిమి. ఎనిమిది కుటుంబములవారు విశాఖపట్టణమునకో హైదరాబాదునకో తరలిపోయినారు. అచ్చట పిల్లలకు తెలుగు దొరకదను భయము లేదు. ఏడుగురు పిల్లలు పుస్తకము అర్థముకాక మానినారు. ఆ వాచకము ఇంట తెలుగు మాటలాడు పిల్లలకై వ్రాసినది. వీరిలో కొందరి తల్లులు ఒడియావారు, ఇంటిలో ఒడియాయే వినబడును. పదబంధములు చదివించుటకు ముందు మాటలాడించుట నేర్పవలెనని ఒక తల్లి, చక్కని ఒడియాలో, మాకు బోధించినది.

పండ్రెండుగురు మానినది ట్యూషను మూలమున. చేపల కథవలె అడుగుచు పోతిమి. తరగతికి ఏల రాలేదు? ఆదివారము ఉదయము తొమ్మిదికి లెక్కల ట్యూషను. ట్యూషను ఆ వేళనే యేల? ఆ మాష్టరునకు తక్కిన వేళలు ఖాళీ లేవు. మన తరగతి తొమ్మిదికే యేల? ఎవరికిని తెలియదు. పాత మినిట్సు పుస్తకములు తిరుగవేయగా, హాలు తాళపుచెవి యొద్ద నుంచుకొను ఆనాటి కోశాధికారిగారు ఆదివారము పది దాటిన తరువాత పొలముమీదికి పోవువారనియు, అందువలన తొమ్మిదికి నిర్ణయించిరనియు తేలినది. వారు పరమపదించి పదునాలుగేండ్లయినది. తాళపుచెవి ఇప్పుడు ప్రక్కింటి దుకాణములో నున్నది.

తరగతిని శనివారము సాయంకాలము అయిదు గంటలకు మార్చితిమి. ఇంట తెలుగు లేని పిల్లలకు వేరుగా ఒక గంట మాటల తరగతి పెట్టితిమి. బెంగుళూరు అమ్మాయి వారమునకొకమారు కంప్యూటరు తెరమీదనే వచ్చి కథలు చెప్పుచున్నది. ఈ నెల పట్టీలో 19 పేర్లున్నవి. బ్యాంకు మిత్రులు గీతను చింపివేయలేదు. క్రొత్త చుక్కను పెన్సిలుతో పెట్టుకొని, "ఒక్క చుక్కతో ఏమీ చెప్పలేమండి" అనుచున్నారు. అది సబబైన మాటయే.

31 మందిలో నలుగురి ఇండ్లకు ఇంకను పోవలసియున్నది. ఇద్దరు గోసానినూగాం వైపునకు మారినారట. ఇంటి గుర్తులు నిన్ననే తెలిసినవి.